విసుగు తీరిన వైద్యుడు: సర్ రోనాల్డ్ రాస్ జీవితం

ఉగాది సంచికకు ఎవరైనా గొప్పవారి జీవితం ఒకటి వ్రాసి ఇవ్వవలసిందని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకు మొదట తోచిన పేరు డాక్టరు ద్వారకానాథ్ కోట్నీసుగారిది. మన షోలాపూరులో 1910లో పుట్టి, 1938లో చైనా దేశానికి వెళ్ళి, యుద్ధంలో గాయపడ్డవారికి చికిత్స చేస్తూ 1942లో అక్కడే కన్నుమూసిన ఆ మహానుభావుని కథ ఈ ఊళ్ళో బడి పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన కథే మళ్ళీ చెప్పడమెందుకని కొంత తటపటాయించాము. ఇంతలో మా అశోక్ చౌక్‌లో జరిగిన ఒక చిన్న సంగతి మరొక డాక్టరును జ్ఞాపకానికి తెచ్చింది.

మా వీధిలో, సాంచాల మోత మధ్య, చిన్న దవాఖానా పెట్టుకొని ఇరవై ఏళ్ళుగా వైద్యం చేస్తున్న డాక్టరుగారు ఒకరున్నారు. పేరు చెప్పము, చెబితే వారికి ఇష్టముండదు. కిందటి వానకాలంలో మా చిన్నదానికి జ్వరం వస్తే రాత్రి పూట భుజాన వేసుకొని వెళ్ళాము. రోగుల వరస అంతా అయిపోయాక మాకు చీటీ వ్రాసి ఇచ్చి, కలం మూసి, దీపావళికి ఇక ఈ తలుపు మూసేస్తానని వారు మెల్లగా అన్నారు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా రోజులు గడిచినప్పటి నుంచి వారి మనస్సు మొద్దుబారిపోయిందట. రోగి ముఖం చూడకుండానే చెయ్యి మందు వ్రాసేస్తున్నదట. నయమైందని ఎవరైనా వచ్చి చెప్పినా సంతోషం లేదు, నయం కాలేదని చెప్పినా విచారం లేదు. ఇటువంటి వైద్యం చేయడం కంటె మానుకోవడం మేలని వారి అభిప్రాయం.

ఏమి జవాబు చెప్పాలో మాకు తోచలేదు. మేము రైల్వేలో టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తాలము. చదువు మెట్రిక్ దాకా. పేరు, వయస్సు, ఊరు, చిల్లర. ఇవే మాటలు రోజుకు ఎన్నిసార్లో. మా చెయ్యి కూడా ముఖాలు చూడకుండానే టిక్కెట్టు ఇచ్చేస్తుంది. కనుక వారి మాట మాకు బాగా అర్థమైంది. ఆ రాత్రి నిద్ర పట్టక పడుకొని ఉండగా గుర్తుకు వచ్చిన మనిషి సర్ రోనాల్డ్ రాస్. దోమ వల్ల మలేరియా వ్యాపిస్తుందని కనిపెట్టినవాడని మనం బడిలో ఒక్క వాక్యంగా చదువుకొన్నాము. ఆ పని జరిగింది ఎక్కడో కాదు. మనం పండుగలకు, పెళ్ళిళ్ళకు వాడి మీదుగా తెలంగాణాకు వెళ్ళేటప్పుడు సికింద్రాబాదు రాబోయే ముందు వచ్చే స్టేషను ఉన్నదే, ఆ బేగంపేటలో. ఆయన కూడా ఒకప్పుడు వైద్యవృత్తి మీద పూర్తిగా విసుగు చెందిన డాక్టరే. ఆ విసుగు ఎలా పుట్టింది, ఎలా పోయింది అన్నదే మేము చెప్పదలచుకొన్న కథ.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో పుట్టాడు. మీరటులో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులైంది. తండ్రి ఇంగ్లీషు సైన్యంలో అధికారి. తరువాత జనరల్ అయ్యాడు. పదిమంది సంతానంలో ఈయన పెద్దవాడు. ఎనిమిదేళ్ళ వయస్సులో చదువు కోసం ఇంగ్లండు పంపించారు. పిల్లవాడికి బొమ్మలు వేయడం ఇష్టం, సంగీతం ఇష్టం, కవిత్వం మరీ ఇష్టం. వైద్యం అంటే మాత్రం ఇష్టం లేదు. తండ్రిగారు కొడుకును డాక్టరు చేసి హిందూదేశంలోని ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి పంపాలని నిశ్చయించారు. తండ్రి మాట కాదనలేక 1874లో లండన్‌లోని సెయింట్ బర్తలోమ్యూ ఆస్పత్రి కళాశాలలో చేరాడు.

ఇష్టం లేని చదువు ఎలా సాగుతుందో చెప్పనక్కరలేదు. పాఠాల పుస్తకాల కంటె పద్యాల కాగితాలే ఆయన బల్ల మీద ఎక్కువగా ఉండేవి. 1879లో ఒక పరీక్ష దాటాడు. ఉద్యోగానికి అవసరమైన రెండవ పరీక్ష దాటలేకపోయాడు. తండ్రి డబ్బు పంపడం మానేస్తానని బెదిరించేసరికి ఓడలో డాక్టరుగా చేరి అట్లాంటిక్ సముద్రం మీద కొంతకాలం తిరిగాడు. చివరకు ఎలాగో ఆ పరీక్ష కూడా అయిందనిపించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మదరాసు రాజధానికి వచ్చాడు. మన ఇళ్ళల్లో కూడా తండ్రి మగ్గం కొడుక్కు, తండ్రి కొట్టు కొడుక్కు ఇలాగే వస్తాయి. ఇష్టమా అని అడిగేవారు తక్కువ. కనుక ఈ ముక్క చదివినప్పుడు రాస్ మనకు పరాయివాడుగా తోచడు.

ఆ తరువాత పదమూడేళ్ళు ఆయన పటాలాల వెంట ఊరూరా తిరిగాడు. మదరాసు, బెంగుళూరు, బర్మా, అండమాను. పటాలం డాక్టరుకు పొద్దున రెండు మూడు గంటలు ఆస్పత్రిలో పని ఉండేది. మిగిలిన పగలంతా ఖాళీ. ఖాళీ ఉన్నవాడికి విసుగేమిటని మనం అనుకొంటాము. విసుగు పని ఎక్కువై మాత్రమే రాదు. ఆస్పత్రిలో పడకల నిండా జ్వరాల వాళ్ళు. చలి వణుకు, కాక, చెమట. మళ్ళీ ఒకరోజు ఆగి అదే చలి వణుకు. క్వినైను ఇస్తే తగ్గుతుంది, సిపాయి లేచి వెళతాడు, నెల తిరగకుండా మళ్ళీ వస్తాడు. జ్వరం ఎందుకు వస్తుందో ఆ డాక్టరుకు తెలియదు, ఆయన పైవారికీ తెలియదు. బురద నేలల నుంచి లేచే చెడు గాలి వల్ల వస్తుందని అప్పట్లో నమ్మకం. మలేరియా అన్న ఇటలీ మాటకు అర్థం కూడా చెడు గాలి అనే. కారణం తెలియని జబ్బుకు రోజూ అదే మందు పోస్తూ ఉంటే చెయ్యి పని చేస్తుంది కాని మనస్సు చేయదు.

మనస్సు వేరే చోట్లకు పోయింది. 1882 ప్రాంతంలో గణితం పట్టుకొని, గురువు లేకుండా తనంతట తానే పుస్తకాలు తిరగవేసి నేర్చుకొన్నాడు. పద్యాలు వ్రాశాడు. నవలలు వ్రాశాడు, వాటిలో ఒకటి 1889లో అచ్చయింది. కాని నవలాకారుడుగా ఆయనకు పేరు రాలేదు. వైద్యంలో ఉండలేక, కవిత్వంలో నిలబడలేక మధ్యలో కొట్టుమిట్టాడాడు.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. 1883లో బెంగుళూరులో ఆయన బంగళాలో దోమలు విపరీతంగా ఉండేవి. కిటికీ అవతల ఉన్న నీళ్ళ తొట్టిలో పురుగులు కదులుతుండటం చూసి, అవే దోమలవుతున్నాయని గ్రహించి, తొట్టి వంపించి పారబోయించాడు. బంగళాలో దోమలు తగ్గిపోయాయి. మిగతా తొట్లు కూడా ఇలా చేయిద్దామని పై అధికారితో చెబితే ఆయన ఒప్పుకోలేదట. దోమలు పుట్టడం ప్రకృతి ధర్మమనీ, మనుషులు ఓర్చుకోవాలనీ ఆయన ఉద్దేశం. రాస్ అక్కడితో ఆ సంగతి వదిలేశాడు. పదునాలుగేళ్ళ తరువాత తనకు కీర్తి తేబోయే జంతువు తన కిటికీ ముందరే పుడుతున్నదని ఆయనకు ఎలా తెలుస్తుంది! మనస్సు పనిలో లేనప్పుడు కళ్ళ ముందరి వస్తువు కూడా ప్రశ్నగా కనబడదు.

1888లో సెలవు మీద ఇంగ్లండు వెళ్ళాడు. 1889లో రోసా బ్లాక్సమ్ అనే ఆమెను వివాహమాడాడు. ఆ సెలవులోనే ప్రజారోగ్యశాస్త్రంలో ఒక డిప్లొమా సంపాదించి, సూక్ష్మదర్శినితో పని చేయడం నేర్చుకొని తిరిగి వచ్చాడు. అయినా విసుగు పూర్తిగా పోలేదు. 1880లోనే అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగుల రక్తంలో సూక్ష్మజీవులను చూశానని ప్రకటించి ఉన్నాడు. రాస్ ఇక్కడ వెతికాడు, ఆయనకు కనబడలేదు. కనబడలేదు కనుక లేవనుకొని, లావెరాన్ పొరపాటు పడ్డాడని పత్రికలకు వ్యాసాలు కూడా వ్రాశాడు. పొరపాటు తనదే.

1894లో మళ్ళీ సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు ఆయన వయస్సు ముప్పై ఏడు. మా వయస్సుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ వయస్సులో మనిషి తాను ఇంతేనని నిశ్చయించుకొని కూర్చుంటాడు. అటువంటి సమయంలో డాక్టరు పాట్రిక్ మాన్సన్ దర్శనం అయింది.

మాన్సన్ చాలాకాలం చైనాలో వైద్యం చేసినవాడు. మనుషులకు బోదకాలు తెచ్చే సన్నని పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని 1877లో కనిపెట్టినవాడు. ఆయన రాస్‌ను వాదించి ఓడించలేదు. ఆస్పత్రికి తీసుకొని వెళ్ళి, మలేరియా రోగి రక్తపు చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి, చూడమన్నాడు. లావెరాన్ చెప్పిన జీవులు కనబడ్డాయి. ఒకనాడు దారిలో నడుస్తూ మాన్సన్ తన మనస్సులోని ఊహ కూడా చెప్పాడు. రక్తం మనిషి ఒంటి నుంచి బయటికి వచ్చిన కొద్ది నిమిషాలకు ఆ జీవుల నుంచి తోకల వంటివి లేచి కొట్టుకొంటాయి. అవి బయటికి వచ్చాకనే లేస్తున్నాయంటే వాటి తరువాతి బ్రతుకు మనిషి ఒంటికి బయట ఎక్కడో ఉండాలి. రక్తం తాగే దోమ కడుపు కాకపోతే మరెక్కడ? అదీ ఆయన ఊహ.

ఈ ఊహ రాస్‌ను పట్టుకొంది. ఇన్నాళ్ళు రోజూ చూసిన జ్వరం ఇప్పుడు ప్రశ్న అయింది. 1895 మార్చిలో ఓడ ఎక్కి, ఏప్రిల్‌లో సికింద్రాబాదు చేరి, 19వ మదరాసు పదాతి పటాలానికి వైద్యాధికారిగా చేరాడు. చేరడంతోనే జ్వరం వచ్చిన ప్రతి సిపాయి రక్తమూ చూడటం మొదలుపెట్టాడు.

ఒక్క సంగతి పాఠకులు గమనించాలి. ఊరు మారింది కాని పని మారలేదు. అవే పటాలం ఆస్పత్రులు, అవే జ్వరాలు, అదే క్వినైను, అదే జీతం, అదే ఎండ. పని తగ్గకపోగా నాలుగింతలైంది. పొద్దున ఆస్పత్రి పని అయ్యాక ఖాళీగా ఉండే గంటలన్నీ ఇప్పుడు సూక్ష్మదర్శిని ముందే గడిచాయి. విసుగు మాత్రం కనబడకుండా పోయింది. చూసినది చూసినట్లు మాన్సన్‌కు ఉత్తరాలు వ్రాసేవాడు. మాన్సన్ జవాబులు వ్రాసేవాడు. నాలుగేళ్ళలో ఇద్దరి మధ్య వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. ఓడ మీద ఉత్తరం పోయి జవాబు రావడానికి వారాలు పట్టే రోజులు అవి. అయినా తాను చేసే పనిని అర్థం చేసుకొనే మనిషి ఒకడు లోకంలో ఉన్నాడన్న ధైర్యం ఉండేది.

పని సులభంగా సాగలేదు. వేలికి సూది గుచ్చుతాడని జనం భయపడి పారిపోయేవారు. వచ్చినవారికి డబ్బు ఇవ్వవలసి వచ్చేది. అబ్దుల్ ఖాదర్ అనే రోగి మొదట్లో ఆయనకు చాలా ఉపకరించాడు. దోమతెరలోకి రోగిని పంపి, లోపల దోమలను వదిలి, కుట్టించుకొన్నందుకు డబ్బులిచ్చి, ఆ దోమలను సీసాలలో పెట్టి, తరువాత ఒక్కొక్కదానిని కోసి చూసేవాడు. బూడిదరంగు దోమలు, చారల దోమలు వందల కొద్దీ కోశాడు. ఏమీ దొరకలేదు. దోమలలో మలేరియాను మోసేది వేరే జాతి అని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఇంతలో 1895 సెప్టెంబరులో కలరా పని మీద బెంగుళూరు వెళ్ళమని ఉత్తరువు వచ్చింది. రెండేళ్ళ దాకా తిరిగి రాలేకపోయాడు. 1897లో నీలగిరి దగ్గర సిగూర్ ఘాటులో జ్వరాల ప్రాంతం చూడటానికి వెళ్ళి తానే మలేరియా తెచ్చుకొన్నాడు. కోలుకొని మళ్ళీ సికింద్రాబాదు వచ్చేసరికి వేసవి.

ఆ ఏడు బేగంపేట ఆస్పత్రిలో ఆయన పనిచేసిన గది కొలిమి వలె ఉండేదట. పంకా లాగిద్దామంటే కోసిపెట్టిన దోమ రెక్కలు ఎగిరిపోతాయి. అందువల్ల పంకా లేదు. నుదుటి చెమట, చేతుల చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. కన్ను ఆనించే అద్దం పగిలి బీట తీసింది. దాంతోనే పని. పాత పురుగులు దొరకక విసిగి ఉన్న సమయంలో ఆగస్టు మధ్యలో ఆయన మనుషులు ఒక సీసాలో కొత్త రకం దోమ పిల్లలను తెచ్చారు. అవి పెద్దవై బయటకు వచ్చాక చూస్తే గోధుమ రంగు ఒళ్ళు, చుక్కల రెక్కలు. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో కూర్చోబెట్టి వాటి చేత కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున హుస్సేన్ ఖాన్‌కు ముట్టింది.

రోజుకు ఒకటి రెండు చొప్పున ఆ దోమలను కోసి చూశాడు. కొన్ని వాటంతట అవే చచ్చాయి. ఆగస్టు 20వ తేదీకి మిగిలినవి బహు కొద్ది. ఆ రోజు ఉబ్బగా, మబ్బుగా ఉంది. ఆస్పత్రి పని ముగించుకొని మధ్యాహ్నం ఒక దోమను కోశాడు. శరీరమంతా అంగుళం అంగుళం వెతికాడు, ఏమీ లేదు. కడుపు గోడ ఒక్కటి మిగిలింది. అది చూడటానికి ఇంకా అరగంట పడుతుంది. కళ్ళు అలసిపోయాయి. ఇటువంటి కడుపులు ఇంతకు ముందు ఎన్ని చూడలేదు, వాటిలో ఏమి దొరికింది గనుక అన్న ఆలోచన కూడా వచ్చింది. అయినా వదలలేదు. ఆ కడుపు గోడ మీద గుండ్రని కణమొకటి కనబడింది; దానిలో నల్లని రేణువులు. మలేరియా జీవికి గుర్తుగా ఉండే రేణువులవి. వెతికితే అటువంటివి మరికొన్ని కనబడ్డాయి. మరునాడు మిగిలిన దోమను కోసి చూశాడు. అవే కణాలు, ఒక రోజులో మరింత పెరిగి ఉన్నాయి. పెరుగుతున్నాయంటే ప్రాణం ఉన్నట్లే. మనిషి రక్తం నుంచి దోమలోకి వెళ్ళిన మలేరియా జీవి అక్కడ బ్రతికి పెరుగుతున్నదని తేలిపోయింది.

ఆ రాత్రి ఆయన తన ఆనందాన్ని పద్యంగా వ్రాసుకొన్నాడు. వైద్యం నుంచి పారిపోవడానికి పట్టుకొన్న కవిత్వమే చివరకు వైద్యపు ఆనందం చెప్పుకోవడానికి పనికి వచ్చింది. నేటికీ ఆగస్టు 20వ తేదీని లోకమంతటా దోమల దినంగా జరుపుకొంటున్నారు. ఆ పాత భవనం బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆయన పేరుతో ఇప్పటికీ నిలిచి ఉంది.

కథ ఇంతటితో సుఖాంతం కాలేదు. నెల తిరిగేసరికి రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ ఉత్తరువు వచ్చింది. అక్కడ మలేరియా రోగులు ఆయనకు దొరకలేదు. పని దొరికిన మనిషి చేతి నుంచి పని లాగేసుకొన్నట్లయింది. ఆయన ఎంత మొర పెట్టుకొన్నా పైవారు వినిపించుకోలేదు. ఇలా నాలుగైదు నెలలు గడిచాక, లండన్‌లో మాన్సన్ పట్టుపట్టి చెప్పించగా 1898లో కలకత్తాకు ప్రత్యేకంగా ఈ పని మీదనే పంపించారు. అక్కడ మనుషులను కుట్టించడం కష్టమై పక్షులను ఎంచుకొన్నాడు. పిచ్చుకలకు, భరత పక్షులకు కూడా మలేరియా ఉంది. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను పట్టి, పెంచి, రాత్రింబగళ్ళు వాటిని కాపలా కాశాడు. 1898 జూలైలో మిగిలిన ముడి కూడా వీడింది. దోమ కడుపులో పెరిగిన జీవి చివరకు దాని లాలాజల గ్రంథికి చేరి, అక్కడి నుంచి కుట్టినప్పుడు మరొకరి రక్తంలోకి పోతున్నది. ఈ వార్తను మాన్సన్ అదే నెలలో ఎడింబరోలో వైద్యుల మహాసభలో చెప్పాడు. మనుషుల మలేరియా కూడా చుక్కల రెక్కల అనాఫిలిస్ దోమల వల్లనే వస్తుందని ఇటలీలో గ్రాసీ మొదలైనవారు ఆ సంవత్సరంలోనే పూర్తిగా రుజువు చేశారు.

1899లో రాస్ ఉద్యోగం వదిలి లివర్‌పూల్‌లో ఉష్ణదేశ వైద్య విద్యాలయంలో ఉపాధ్యాయుడయ్యాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్రిటిషు వారిలో ఆ బహుమతి అందుకొన్న మొదటివాడు ఆయనే. 1911లో సర్ బిరుదు వచ్చింది. ఆఫ్రికాలో, ఈజిప్టులో, మారిషస్‌లో దోమలను తగ్గించే పద్ధతులు నేర్పాడు. పటాలంలో ప్రొద్దుపుచ్చడానికి నేర్చుకొన్న గణితం కూడా వృథా పోలేదు. ఊళ్ళో దోమలన్నింటినీ చంపనక్కరలేదు, ఒక మేరకు తగ్గిస్తే మలేరియా దానంతట అదే తగ్గిపోతుందని లెక్కలు కట్టి చూపాడు. నేడు అంటువ్యాధులకు పండితులు వేసే లెక్కలకు ఆయన లెక్కలు పునాదులలో ఒకటి.

ఆయన లోపాలు దాచిపెట్టడం మా ఉద్దేశం కాదు. గ్రాసీ పండితునితో ఎవరు ముందన్న తగవు చచ్చేదాకా మానలేదు. చివరకు గురువు వంటి మాన్సన్‌తోనూ చెడింది. తన శ్రమకు ప్రభుత్వం ధనం ఇవ్వలేదని మొర పెట్టుకొన్నాడు, ఇవ్వలేదు కూడా. 1928లో తన పాత కాగితాలు, ఉత్తరాలు అమ్మకానికి పెట్టవలసి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో మరణించాడు. బహుమతి వచ్చాక ఆయన పొందిన సంతోషం కంటె, తుప్పు పట్టిన మరలతో బేగంపేటలో చెమట కార్చిన రోజుల సంతోషమే ఎక్కువని మాకు తోస్తుంది. సంతోషం బహుమతిలో లేదు, పనిలోనే ఉంది.

ఇంకొక మాట. ఆయన పేరు శాశ్వతంగా నిలిచింది. ఒళ్ళప్పగించి దోమల చేత కుట్టించుకొన్న హుస్సేన్ ఖాన్ పేరు ఎందరికి తెలుసు? అతనికి దక్కింది అణాలు. తెల్లదొరల రాజ్యంలో కూలివాడికి కాదనే వీలు ఎంత ఉండేదో మనం ఊహించుకోవచ్చు. సాంచా మీద నేసిన చాదరు మీద నేసినవాడి పేరు ఉండదు. కనుక మన షోలాపూరువాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాస్‌ను తలచుకొనేటప్పుడు హుస్సేన్ ఖాన్‌ను, అబ్దుల్ ఖాదర్‌ను, మహమ్మద్ బక్ష్‌ను కూడా తలచుకోవడం న్యాయం.

ఇక మనకు వచ్చేది ఏమిటి? విసుగంతా ఒక రకం కాదు. కూలి చాలక, తిండి చాలక వచ్చే విసుగు ఒకటి ఉంది. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడిన అన్నకు, పొద్దుగూకేదాకా బీడీలు చుట్టిన అక్కకు, నీ పనిలో ప్రశ్న వెతుక్కో అని చెప్పడం అన్యాయం. ఆ విసుగుకు మందు మంచి కూలి, విశ్రాంతి. అవి సంఘాలు కట్టి అడిగి తెచ్చుకోవలసినవి. రెండవ రకం విసుగు, కడుపు నిండినా వచ్చేది. చేసే పనిలో తెలుసుకోవలసినది ఇక ఏమీ లేదనిపించినప్పుడు, చేసింది చెప్పుకోవడానికి ఎవరూ లేనప్పుడు వస్తుంది. రాస్‌కు పట్టింది అది. మాన్సన్ ఆయనకు ఉద్యోగం మార్చలేదు, జీతం పెంచలేదు. ఒక ప్రశ్న ఇచ్చాడు, ఉత్తరాలకు జవాబులు ఇచ్చాడు. రెండే. ఆ రెండూ ఇవ్వడానికి పెద్ద చదువులు అవసరం లేదు. మన సంఘంలో పెద్దలు మన పిల్లలకు ఇవ్వగలరు, ఒక ఇరుగు మరొక పొరుగుకు ఇవ్వగలడు.

దీపావళికి ముందు ఒక ఆదివారం మేము ఈ కథను డాక్టరుగారికి మాకు తెలిసిన మేరకు చెప్పాము. రాస్ సంగతి వారు మాకంటె బాగా చదువుకొన్నవారే. అయినా విసుగు సంగతి మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదన్నారు. వారు నవ్వి ఊరుకొన్నారు. దీపావళి వెళ్ళింది, తలుపు మూయలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు బల్ల మీద కొత్త నోటుపుస్తకం కనబడింది. ఛాతీ బిగుసుకొంటున్నదని వచ్చే కార్మికులను, ఏ రోజు ఎక్కువగా ఉంటుంది అని అడిగి వ్రాసుకొంటున్నారు. పత్తి దుమ్ము వల్ల వచ్చే జబ్బు సెలవు మరునాడు పనిలోకి వెళ్ళినప్పుడు ఎక్కువగా బాధిస్తుందని వైద్యులకు ఏనాడో తెలుసునట. కాని మన వీధిలో ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది వ్రాసి పెట్టినవారు వారికి కనబడలేదట. అందుకని తామే మొదలుపెట్టారు. ఆ మాటలు చెబుతున్నప్పుడు వారు మా ముఖం చూసి మాట్లాడారు. మాకు అది చాలు.

వారానికి ఒకసారి మేము ఆ పుస్తకంలో గళ్ళు గీసి పెడుతున్నాము; గుమాస్తాకు చేతనైన పని అదే కదా! టిక్కెట్ల కిటికీ దగ్గర కూడా ఈ మధ్య మనుషుల ముఖాలు చూస్తున్నాము. ఎవరు ఏ ఊరికి ఎందుకు వెళుతున్నారో గమనిస్తుంటే పొద్దు తెలియడం లేదు.

మరొక చిన్న విన్నపం చేసి ముగిస్తాము. మన పేటలకు నీళ్ళు రోజూ రావు. డ్రమ్ములలో, హౌజులలో నిలవ పెట్టుకోక తప్పదు. వాటిమీద మూతలు పెట్టండి, వారానికొకసారి తోమి ఆరబెట్టండి. బెంగుళూరులో ఆ పై అధికారి వినిపించుకోని మాట ఇదే. మనమైనా విందాము.

గుడిపాడ్వా నాడే వచ్చే మన ఉగాది అందరికీ చేదు కొంచెంగా, తీపి మెండుగా ఉండాలనీ, చేసే పనిలో మళ్ళీ మనస్సు కుదరాలనీ కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.